గొడుగు నీడ బోరింగును తాకే వేళ

పోయిన వారం పాడేరు దాటి పైకి, ఏజెన్సీలోని ఒక మండల కార్యాలయానికి వెళ్లాను. మండలం పేరు రాయను. అక్కడి కంప్యూటర్ గదిలో గోడకున్న పాత రౌటర్‌ని ఊడదీసి కొత్తది బిగించడం నా పని. గది ఊడుస్తున్న అమ్మాయి చీపురు ఆపి నా వైపు కాసేపు చూసింది.

"మీరు నెంబర్ల బాబు కదా?" అంది.

ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి ప్రపంచంలో ఒక్కడే. అప్పుడు గుర్తుపట్టాను, ఆయన మనవరాలు.

"తాత పోయినాడు సార్. సామ కొత్త పండక్కి ముందే. జొరం."

"అలాగా" అన్నాను. తర్వాత నిచ్చెన ఎక్కడుందని అడిగాను. ఆ రెండు మాటల మధ్య నేను తీసుకున్న వ్యవధి ఒక సెకను కూడా ఉండదు.

ఆయన ఆ ఆఫీసులో అటెండరు. పర్మనెంటు కాదు. వచ్చిన ప్రతి ఆఫీసరూ "చూద్దాం" అన్నవాడే. ఇప్పుడు రాస్తూ ఆయన అంటున్నాను గాని, అప్పట్లో "ఏమయ్యా, నువ్వు" అనేవాణ్ణి. నాకు ఇరవై మూడేళ్లు, ఆయనకు అరవై దాటాయి. మైదానం నుంచి వచ్చినవాళ్లందరూ అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఆఫీసులో సాలూరు గుమాస్తా ఒకడుండేవాడు. అతను "ఒరే" అనేవాడు. ఆ లెక్కన నేను మర్యాదస్తుణ్ణి.

మనిషి పొట్టి. ఎవరో పాత ఆఫీసరు ఇచ్చిన ఖాకీ చొక్కా మోకాళ్లదాకా వేలాడేది. చెవి మీద ఎప్పుడూ సగం కాల్చిన ఆకు చుట్ట. నిలబడితే ఒక కాలు నేల మీద, రెండో పాదం వెనక గోడకు ఆనించి నిలబడేవాడు. కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు. టీ ఇస్తే గ్లాసు పట్టుకుని బయట బోరింగు దగ్గరికి పోయి తాగేవాడు. ఏదైనా అడిగితే ముందు ఆ ప్రశ్ననే తిరిగి అనేవాడు. "తలుపెందుకు వేశావు?" అంటే, "తలుపెందుకు ఏసినాను..." అని కాసేపు ఆలోచించి, అప్పుడు జవాబు చెప్పేవాడు. గుమాస్తాకు అది మహా సరదా. పదిమంది ఉన్నప్పుడు కావాలనే అడిగేవాడు: "ఒరే, నీ బుర్రలో ఏటుందిరా?"

"నా బుర్రలో ఏటుందీ..." అని ఆయన నిజంగానే ఆలోచించేవాడు. అందరం నవ్వేవాళ్లం.

ఆయనేమీ మెత్తని మనిషి కాదు. ఆ గదిలోకి కంప్యూటర్లు వచ్చాక తన వాళ్ల మీద ఆయన చేసిన పెత్తనం గుమాస్తా కూడా చేయలేదు. సంతరోజున సర్టిఫికెట్ల కోసం కొండల మీదినుంచి నడిచొచ్చి వరండాలో కూర్చున్న వాళ్లను వెదురుకర్రతో నేల మీద కొడుతూ తోలేవాడు. "లెగండి, లెగండి! మీ ఊపిరి తగిల్తే పెట్టె పాడైపోద్ది!" పసిపిల్ల ఏడిస్తే తల్లిని ఎండలోకి పంపేవాడు. వాళ్లు ఆయన్ని తమ భాషలో ఏదో అనేవాళ్లు. గుమాస్తాను ఏమీ అనేవాళ్లు కాదు.

నెట్టు కోసం ఆవరణలో పెట్టిన డిష్‌ను ఆయన గొడుగు అనేవాడు. రౌటర్‌ని దీపాల పెట్టె అనేవాడు. స్విచ్చి వేసే ముందు అరచేతిని తుండుగుడ్డకు మూడుసార్లు తుడుచుకునేవాడు. రెండు కాదు, నాలుగు కాదు. వేశాక పెట్టె ముందు నిలబడి వెలిగిన దీపాలను వేలితో చూపిస్తూ వాళ్ల భాషలో లెక్కపెట్టేవాడు. అయిదూ వెలిగితే తలుపు దగ్గర గోడ మీద బొగ్గుతో అయిదు చుక్కలు. రోజుకో వరస. సున్నం వేసినప్పుడు పోయేవి, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ చుక్కలు ఎవరి కోసమని అడిగాను ఒకసారి. "ఎవరి కోసమా..." అన్నాడు. తర్వాత, "నాను సూసినట్టు" అన్నాడు.

నెట్టు పాడైనప్పుడు చూడాల్సినవి నేను నా జేబు పుస్తకంలో ఆరు నంబర్లుగా రాసుకున్నాను. ఒకటి, ఎవరైనా ముట్టుకున్నారా? రెండు, కరెంటు తీసి ముప్పై లెక్కపెట్టి మళ్లీ ఇవ్వాలి. మూడు, దీపాలు. నాలుగు, కేబుళ్లు. అయిదు, మోడెం, డిష్. ఆరు, రౌటర్ లోపలి పేజీ తెరిచి సెట్టింగులు, టైము. ప్రతిసారీ పైకి చదువుతూ ఒక్కొక్కటే టిక్కు పెట్టేవాణ్ణి. చదువు రాని ఆ మనిషికి అదంతా నోటికి వచ్చేసింది. నేను జీపు దిగగానే ఒంటికాలి మీద నిలబడి అడిగేవాడు:

"ఈయేల ఎన్ని నెంబర్లు బాబూ?"

"చూద్దాం."

"ఒకటో నెంబరు నాను సెప్పెత్తాను. నాను ముట్టనేదు."

అది వెక్కిరింతో, భయమో నాకు తెలిసేది కాదు. రెండూ అయ్యుంటాయి.

ఆ ఏడాది ఎండాకాలంలో పిడుగు పడి మొదటి మోడెం కాలిపోయింది. కొత్తది బిగించడానికి వెళ్లిన రోజున నేను రెండు పనులు చేశాను. ఈ రెండూ గుర్తు పెట్టుకోవాలి.

మొదటిది, ఆయనకు ఒక ఆజ్ఞ. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు ఆ గది మెయిన్ స్విచ్చి దించెయ్యాలి. పొద్దున్న తెరిచినప్పుడు మళ్లీ ఎక్కించాలి. కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, స్విచ్చి పక్కన గోడకు అంటించాను. ఆయన చదవలేడు కాబట్టి మూడుసార్లు నోటితో చెప్పించుకున్నాను.

రెండోది ఆఫీసరుగారు అడిగింది. పని గంటలు అయ్యాక ఎవరో నెట్టులో పేకాట ఆడుతున్నారని ఆయన అనుమానం. "ఏదన్నా తాళం లాంటిది ఉంటుందా?" అన్నారు. ఉంటుంది. రౌటర్‌లో నియమం పెట్టాను: పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకే కంప్యూటర్లకు నెట్టు. దానికోసం రౌటర్ గడియారాన్ని నా చేతి గడియారం చూసి సరిచేశాను. వెబ్‌సైట్లు తెరిచి చూపించాను. బాగున్నాయి. చాలా నీటుగా చేశానని అనుకున్నాను. జీపెక్కాను.

మర్నాటినుంచి పగలు ఒక్క వెబ్‌సైటు తెరుచుకోలేదు.

గుమాస్తా ఫోన్ చేశాడు. అన్ని దీపాలూ వెలుగుతున్నాయట, పేజీ మాత్రం రాదట. కేబులు మార్చమన్నాను, మార్చాడు. రాలేదు. అలా వారాలు గడిచాయి. అప్పటికి ఆ ఊళ్లో నెట్టు రాకపోవడం వింత కాదు, వస్తే వింత. నా చేతిలో ఇంకా పదకొండు మండలాలున్నాయి. ఒకసారి వెళ్లాను. రెండో నంబరు చేశాను, మూడు, నాలుగు, అయిదు చేశాను. నాలుగున్నరకు ఘాట్ దిగే జీపు హారన్ కొట్టింది. ఆరో నంబరు చెయ్యకుండానే టిక్కు పెట్టాను.

ఆ రోజే ముసలాయన మొదటిసారి చెప్పాడు.

"టైం రానేదు బాబూ. అయిదు దాటితే వత్తాది."

గుమాస్తా అందుకున్నాడు. "ముహూర్తం ఎట్టినావేట్రా దానికి? ఏ పంతుల్నడిగినావు?"

ఆయన నొచ్చుకోలేదు. నా వైపే తిరిగి చెప్పాడు. "మాం మామిడి కొత్త సెయ్యకండా కాయ ముట్టం బాబూ. సెట్టు నిండా కాయలుంతాయి. పిల్లలేడుత్తారు. అయినా ముట్టం. పండగైతేనే తింతాం. ఇదీ అలగే. లోపల ఉన్నాది, టైం రానేదు. గొడుగు నీడ ఆ బోరింగు కాడికి పోతాది సూడండి, అప్పుడొత్తాది."

నేను నవ్వాను. గుమాస్తా నాకంటే పెద్దగా నవ్వాడు. పాడేరు వెళ్లాక హోటల్లో ఈ కథ మావాళ్లకు చెప్పాను. ఏజెన్సీలో రౌటర్‌కి కొత్తల పండగ చెయ్యాలట అని. ఆ నెలంతా ఏ మండలంలో లైను పడిపోయినా మా ఆఫీసులో అందరూ అదే మాట: "మామిడి కొత్త అయ్యిందా?"

ఎందుకలా చెప్పగలుగుతున్నావని నేను అడగలేదు. అడిగినా ఆయన చెప్పేవాడు కాదు. చెప్పలేని కారణముంది.

మనవరాలు ఆఫీసు ఎదురుగా ఉన్న హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. తల్లీ తండ్రీ లేరు. సాయంత్రం స్టాఫంతా నాలుగున్నర జీపుకు దిగిపోయాక తాత దగ్గరికి వచ్చేది. ఆయన గదులు ఊడ్చేలోపు కంప్యూటర్ ముందు కూర్చునేది. హాస్టల్లో నేర్పిన నాలుగు ముక్కలతో ఏవో సైట్లు తెరిచి చూసేది. ఆమె ఇంటర్ మార్కులు అక్కడే చూసుకుంది. అయిదుకు ముందు ఏదీ తెరుచుకోదని, అయిదు దాటితే తెరుచుకుంటుందని వాళ్లిద్దరికీ తెలుసు. తెలిసిందని చెబితే ముట్టుకున్నామని ఒప్పుకున్నట్టే. ఆ గదిలో బయటివాళ్లు ముట్టుకుంటే ఉద్యోగం పోతుందని ఆయనకు చెప్పింది నేనే. గోడ మీద కాగితంలో ఆఖరి వాక్యం అదే.

వానలు మొదలయ్యాక నర్సింగు సీట్లకు ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టుకునే రోజులు వచ్చాయి. మూడు రోజులే గడువు, మూడో రోజు సాయంత్రం ఆరింటికి ఆఖరు. ఆ హాస్టల్లో అయిదుగురు పిల్లలకు ర్యాంకులొచ్చాయి. ఈ అమ్మాయిది అందరికంటే మంచి ర్యాంకు. ఆఫీసులో నెట్టు రావడం లేదని ఆఫీసరుగారు మావాళ్ల మీద కేకలేశారు. నేను ఫోన్లో గుమాస్తాకు చెప్పాను: "గంటకోసారి పెట్టె ప్లగ్గు తీసి, ముప్పై లెక్కపెట్టి పెట్టండి. ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటుంది."

మొదటి రెండు రోజులూ గుమాస్తా అలాగే చేశాడు. ఆ రెండు రోజులూ అయిదు దాటినా నెట్టు రాలేదు. అమ్మాయి ఆరింటిదాకా కూర్చుని లేచిపోయింది. ముసలాయన దాని గురించి రాత్రంతా ఏమాలోచించాడో తెలియదు గాని, సరైన చోటికే వచ్చాడు. ప్లగ్గు తీసిన రోజునే అయిదింటికి రావడం లేదు. తీయకపోతే వస్తుంది. ఇంజినీరింగ్ చదివిన నేను రాని చోటికి ఆయన వచ్చాడు.

మూడో రోజు పొద్దున్న వార్డెన్ నలుగురు పిల్లల్ని తీసుకుని పాడేరు నెట్ సెంటర్‌కి జీపెక్కింది. అయిదో పిల్లను తాత దింపేశాడు. "దూరం ఎందుకే గుంటా, సాయంత్రం ఇక్కడే అవుతాది, నాను సూసుకుంతాను" అన్నాడట. జీపు నిండా మనుషులు, వాన, ఘాట్ రోడ్డు. అదొక్కటే కారణం కాదనుకుంటాను. తనకు తెలిసిన ఒక్క సంగతి, నెంబర్ల బాబుకీ తెలియనిది, నిజమని ఒకసారి నలుగురి ముందు చూపించాలని కూడా ఉండి ఉంటుంది. ఇది నా ఊహ. కాని అలాంటి కోరిక ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఆ రోజు ఎనిమిదింటికి మెయిన్ ఎక్కించాడు. చెయ్యి మూడుసార్లు తుడుచుకున్నాడు. దీపాలు లెక్కపెట్టాడు. తర్వాత తన తుండుగుడ్డతో ప్లగ్గునూ సాకెట్టునూ కలిపి ముడి వేశాడు. బల్లకింద నేల మీద, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు.

నేను వెళ్లేసరికి నాలుగూ ముప్పై అయిదు. గుమాస్తా వరండాలోనే ఎదురొచ్చాడు.

"సూడండి సార్, పొద్దున్నుంచి పెట్టెకి కాపలా కాత్తన్నాడు. నన్ను ముట్టనివ్వట్నేదు. కరిసేత్తాడేమోనని నాకు భయంగా ఉంది!"

లోపల అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంది. కాగితాలు పాలిథిన్ కవర్లో పెట్టి రెండు చేతులతో పట్టుకుంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఎప్పుడూ ఒంటికాలి మీద ఉండే మనిషిని నేల మీద అలా మూటలా చూడటం నాకు కొత్త.

"లే" అన్నాను.

"లెగను బాబూ. అయిదు దాటనీండి. గొడుగు నీడ సూడండి, బోరింగు కాడికి నాలుగు మూరలే ఉంది."

"నాకు ఆరింటిలోపు ఇది బాగుచెయ్యాలి. ఆ పిల్ల సీటు పోతుంది."

"దానికే బాబూ! ముట్టితే పోతాది. ముట్టకండి. అయిదు దాటితే వత్తాది, నాను సూసినాను."

"నువ్వేం చూశావు? నీకు పేజీ తెరవడం వచ్చా?"

ఆయన ప్రశ్నను తిరిగి అనలేదు. ఆ ఒక్కసారే. మనవరాలి వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

"మా గుంట సూసింది" అన్నాడు. "శానాసార్లు సూసింది. అందరూ ఎల్లిపోయాక."

గుమాస్తా చప్పట్లు కొట్టాడు. "అద్గదీ! దొంగ దొరికినాడు! పగలు మనకి నెట్టు నేదు, సాయంత్రం తాతకీ మనవరాలికీ సినిమాలు! ఏటి సేసినావే గుంటా పెట్టెని?"

"నానేటీ సెయ్యనేదు సార్" అంది ఆమె నాతో. "మార్కులు సూసినాను. అంతే. నిజంగా అయిదు దాటితే వత్తాది సార్. ఒక్క ఇరవై నిమిషాలు ఆగండి."

ఇరవై నిమిషాలు ఆగడానికి నాకేమీ అడ్డం లేదు. నిజం చెప్పాలంటే, ఆగితే చేయడానికి వేరే పనీ లేదు. కాని జేబు పుస్తకంలో ఒకటో నంబరు ఎదురుగా నిలబడి ఉంది: ఎవరైనా ముట్టుకున్నారా? ముట్టుకున్నారు. వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు. లోపం దొరికింది. ఇక రెండో నంబరు.

ఆయన భుజం పట్టి పక్కకు లాగాను. బరువు లేదు, పొద్దున్నుంచి తినలేదు కదా. తుండుగుడ్డ ముడి గట్టిగా పడింది, ఊడలేదు. సంచిలోంచి వైరు కట్టర్ తీసి గుడ్డను కత్తిరించాను. ప్లగ్గు లాగాను. అయిదు దీపాలూ ఆరిపోయాయి.

"సంపీసినారు బాబూ" అన్నాడు. గట్టిగా కాదు.

నేను ముప్పైదాకా పైకి లెక్కపెట్టాను. టైము నాలుగూ నలభై.

అయిదింటికి గొడుగు నీడ బోరింగును తాకింది. కిటికీలోంచి అందరం చూశాం. ముసలాయన లేచి, తుడుచుకోవడానికి తుండుగుడ్డ లేక చొక్కా అంచుకే మూడుసార్లు చెయ్యి తుడుచుకుని, మనవరాలి వెనక నిలబడ్డాడు. ఆమె పేజీ తెరిచింది. రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు.

"ఏదిరా?" అన్నాడు గుమాస్తా. "నీడ వచ్చేసింది. మామిడి కొత్త అయిపోయింది. కాయేదీ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు, నేను తప్ప. నా నవ్వు చిన్నదే. కాని ఆమె తల తిప్పి చూసింది.

ఆరింటిదాకా నొక్కుతూనే ఉంది. కేబుళ్లు మార్చాను, మోడెం చూశాను. ఆరు దాటాక లేచి, కాగితాలు కవర్లో జాగ్రత్తగా సర్దుకుంది. తాతతో తమ భాషలో ఒకే ఒక మాట అంది. ఆయన తల వంచుకున్నాడు. ఆ మాట ఏమిటో నేను ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు.

పాడేరు వెళ్లిన నలుగురికీ సీట్లొచ్చాయి.

నేను రిపోర్టు రాశాను. 'అనధికారిక వ్యక్తులు పరికరాన్ని ముట్టుకోవడం వల్ల అంతరాయం.' అక్షరదోషం ఒక్కటి లేదు. మర్నాటినుంచి ఆయన్ని రావద్దన్నారు.

తర్వాతి వారం మళ్లీ ఫోన్. ముసలాయన లేడు, అయినా నెట్టు రావడం లేదు. వెళ్లాను. పదీ అయిదుకు రెండో నంబరు చేశాను; నెపం వేయడానికి మనిషి లేడు కాబట్టి ఆ రోజు ఆరో నంబరు దాకా వచ్చాను. రౌటర్ లోపలి పేజీ తెరిచాను. ఒక మూలన దాని గడియారం కనిపించింది: రెండు వేల సంవత్సరం, జనవరి ఒకటి, రాత్రి ఒంటిగంటా పది. పక్కనే నా చేతి గడియారం పగలు పదకొండుంపావు చూపిస్తోంది.

చిన్న విషయం. ఆ చౌక రౌటర్‌కి లోపల బ్యాటరీ లేదు. కరెంటు పోతే టైము మరిచిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు అర్ధరాత్రితో మొదలుపెడుతుంది. నా ఆజ్ఞ ప్రకారం ఆయన పొద్దున్న ఎనిమిదింటికి మెయిన్ ఎక్కించేవాడు. అప్పుడు దాని లోపల అర్ధరాత్రి పన్నెండు. నా నియమం ప్రకారం దానికి తొమ్మిది అయితే తప్ప నెట్టు వదలదు. ఎనిమిదికి తొమ్మిది గంటలు కలిపితే సాయంత్రం అయిదు. ఎవరు ప్లగ్గు తీసి పెట్టినా అక్కణ్ణుంచి మళ్లీ తొమ్మిది గంటలు. నేను నాలుగూ నలభైకి తీశాను. లోపల ఉంది, టైం రాలేదు.

నియమాన్ని తీసేశాను. మౌసు రెండుసార్లు నొక్కితే సరిపోయింది. అన్ని సైట్లూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఆఫీసరుగారు సంతోషించారు. "చూశావా, ముసలాడి పీడ పోయాక బాగుపడింది" అన్నారు. "సెట్టింగులు సరిచేశానండి" అన్నాను. అది అబద్ధం కాదు. అలాంటి వాక్యాలు తయారుచెయ్యడంలో అప్పటికే నాకు చెయ్యి తిరిగింది.

చెప్పి ఉంటే ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకునేవారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. నాకు మాత్రం మాట పడేది. బహుశా ఆ పన్నెండు మండలాల పని ఇంకొకరికి పోయేది. అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

ఆరేడు నెలల తర్వాత సంతలో ఆయన కనిపించాడు. విస్తళ్లు కుట్టే అడ్డాకులు కట్టలు కట్టి అమ్ముతున్నాడు. ఖాకీ చొక్కా లేదు. నేను చూడనట్టు పోబోయాను. ఆయనే లేచి నిలబడ్డాడు, రెండు కాళ్ల మీద.

"నెంబర్ల బాబూ! బాగున్నారా?"

"బాగున్నాను."

"పెట్టె బాగున్నాదా?"

"ఆఁ."

"పగలే వత్తన్నాదా?"

"ఎప్పుడూ వస్తోంది."

ఆయన ముఖం చూస్తే నిజంగా సంతోషించినట్టే ఉంది. ఆకుల కట్ట కింద పెట్టి కాస్త దగ్గరికొచ్చాడు. ఆ ప్రశ్న ఆరేడు నెలలుగా దాచిపెట్టుకున్నట్టు అడిగాడు.

"ఎన్నో నెంబరు కాడ దొరికింది బాబూ?"

ఆరో నంబరు దగ్గర. రెండే అక్షరాలు. ఆరు అని చెబితే ఆయనకు అర్థమయ్యేది. ఆ ఆరూ ఆయనకు నోటికొచ్చు. ఆరు అంటే లోపలి టైము. టైము అంటే తను చెప్పింది నిజమని. వెంటనే ఇంటికి పోయి మనవరాలితో చెప్పేవాడు. తర్వాత ఆఫీసుకు వచ్చేవాడు.

"ఒకటో నంబరులోనే" అన్నాను.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాల్సిన పని లేదు. అయినా ఒక వేలు మడిచాడు. దాన్ని చూసుకున్నాడు. తర్వాత అరచేయి తెరిచి, తిప్పి, వెనకవైపు చూసుకున్నాడు.

"అయితే నా సెయ్యే" అన్నాడు. "నాను తుడుసుకునే ముట్టేవోణ్ణి బాబూ."

నేను ఒక అడ్డాకుల కట్ట తీసుకుని వచ్చేశాను. దారిలో జీపులోంచి పారేశాను.

ఇదంతా పోయిన వారం నిచ్చెన మీద నిలబడి పాత రౌటర్ ఊడదీస్తున్నప్పుడు గుర్తొచ్చింది. కింద ఆ అమ్మాయి నిచ్చెన పట్టుకుని ఉంది. తాత చేసిన పనే ఇప్పుడు ఆమె చేస్తోంది. పర్మనెంటు కాదు. తలుపు పక్క గోడ మీద సున్నం కింద బొగ్గు చుక్కలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి.

"తాత ఆఖరికి ఇంట్లో లైటు సిచ్చి కూడా ముట్టేవోడు కాదు సార్" అంది, నేను అడక్కపోయినా. "సీకటైపోయినా అలగే కూకునీవోడు. నాను వచ్చి ఎయ్యాల. నా సెయ్యి తగిల్తే పాడైపోద్ది అనీవోడు."

నేను స్క్రూ బిగిస్తున్నాను.

"మీ నెంబర్లు మాత్రం ఆరూ సెప్పీవోడు. నాకూ వచ్చీసినాయి. అయిదింటికీ అర్థం తెలుసు. ఆరోదే తెల్దు." పాదంతో నిచ్చెన కాలును అదిమింది. "పెట్టె లోపల టైము ఎందుకు సూడాల సార్?"

కిందికి చూశాను. నిచ్చెనను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది, ఆ రోజు కాగితాల కవరు పట్టుకున్నట్టే. ముఖంలో ఏమీ కనిపించలేదు. తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో నేను చెప్పలేను.

"అది పాత లిస్టు" అన్నాను. "ఇప్పుడు ఆరో నంబరు తీసేశాం."

"ఓహో" అంది.

నేను కిందికి దిగేసరికి అయిదు కావస్తోంది. బయట గొడుగు నీడ బోరింగు దాకా వచ్చింది. ఆమె గోడ మీద నా సంతకమున్న కాగితం ముందు నిలబడి, కుడి అరచేతిని చున్నీకి మూడుసార్లు తుడుచుకుని, మెయిన్ దించేసింది.